జటాయువు మొదలు పులికూనల దాకా

గుంటూరు నుండి పడమరగా నరసరావుపేట మీదుగా రైలులో పోయేవారికి వినుకొండ కొండ చాలా దూరం నుండే కనబడుతుంది. చుట్టూ పత్తిచేలు, మిరపచేలు. వాటి నడుమ రాతికొండ. దానిమీద రామలింగేశ్వరుని ఆలయం. సీతాపహరణ వార్తను శ్రీరాముడు విన్న కొండ గనుక దీనికి వినుకొండ అని పేరు వచ్చినదని స్థలపురాణం. ఊళ్ల పేర్లకు కథలు కట్టుకోవడం మనవారికి అలవాటే. ఈ వ్యుత్పత్తి నిలుస్తుందో నిలవదో భాషావేత్తలు తేల్చవలసిన సంగతి. కాని ఈ కథను భక్తితో చెప్పుకునేవారు కూడా ఒక ప్రశ్న సామాన్యంగా అడగరు. రాముడు విన్నాడు, సరే, చెప్పినది ఎవరు?

వాల్మీకి రామాయణం ప్రకారం ఆ వార్త చెప్పినవాడు జటాయువు. ఆయన గృధ్రరాజు, అంటే రాబందుల రాజు. రావణునితో పోరాడి, రెక్కలు తెగి, నెత్తురు మడుగులో పడి ఉన్నాడు. అరణ్యకాండలో ఈ ఘట్టం చదివినప్పుడు మనసుకు పట్టే విషయం ఒకటి ఉన్నది. గాయపడిన ఆ పక్షిని చూడగానే రామునికి కలిగినది జాలి కాదు, అనుమానం. సీతను తిని, నెత్తురు మూతితో ఇక్కడ విశ్రమిస్తున్న రాక్షసుడు కాబోలునని ఆయన బాణం సంధించాడు. జటాయువు నోరు విప్పి జరిగినది చెప్పిన తరువాతనే విల్లు పక్కన పడవేసి ఆ పక్షిని కౌగిలించుకున్నాడు. అప్పటికే ఆలస్యమైనది. జటాయువు బతకలేదు. రామలక్ష్మణులు కట్టెలు పేర్చి తండ్రికి చేసినట్లు దహనసంస్కారం చేశారు. గోదావరిలో జలతర్పణం విడిచారు.

గాయపడిన అడవిజీవికి మానవుడు చేయగలిగిన సేవను గురించి మన సాహిత్యంలో ఇంతకంటె గొప్ప చిత్రం అరుదు. అందులో వైద్యం లేదు, ఉన్నది అంత్యక్రియ మాత్రమే. అడవిలో దెబ్బతిన్న జంతువును బతికించడం, తల్లిని కోలుపోయిన కూనను పెంచడం, పెంచి మళ్లీ అడవికి అప్పగించడం అనే పనికి మన దేశంలో ఎంత చరిత్ర ఉన్నదో, అది ఏ మలుపులు తిరిగి ఇంతదాకా వచ్చినదో ఈ ప్రసంగంలో కొంత మనవి చేస్తాను.

తెలుగుదేశంలో ఈ విషయమై దొరికే తొలి లిఖిత సాక్ష్యం కర్నూలు జిల్లాలోని ఎర్రగుడి వద్ద ఉన్నది. గుత్తి నుండి పత్తికొండకు పోయే దారిలో, జొన్నగిరి దగ్గర, బండలమీద అశోకుని శాసనాలు చెక్కి ఉన్నవి. 1929లో భూగర్భశాస్త్రజ్ఞుడైన అను ఘోష్ వీటిని గుర్తించిన తరువాతనే లోకానికి తెలిసినవి. అక్కడి రెండవ శిలాశాసనంలో చక్రవర్తి తన రాజ్యంలోను, పొరుగున చోళ పాండ్యాది దేశాలలోను రెండు విధాల చికిత్సలు ఏర్పాటు చేసినట్లు చెప్పుకున్నాడు. ఒకటి మనుష్యచికిత్స, రెండవది పశుచికిత్స. మందుమొక్కలు లేనిచోట తెప్పించి నాటించాడు. బాటల వెంట బావులు తవ్వించాడు. క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దంలో ఒక ప్రభుత్వం జంతువుల వైద్యాన్ని తన బాధ్యతగా ఒప్పుకొని రాతిమీద చెక్కించడం చిన్న విషయం కాదు.

అయితే ఆ పశుచికిత్సలో అడవిమృగాలకు పాలు ఉన్నదా? లేదనే నా అభిప్రాయం. ఎడ్లు, గుర్రాలు, ఏనుగులు రాజ్యానికి అక్కరకు వచ్చేవి. వైద్యులు చూచినది ముఖ్యంగా వాటినే అయి ఉంటుంది. అడవిజీవుల విషయంలో అశోకుడు వేరొక దారి తొక్కాడు. ఆయన అయిదవ స్తంభశాసనం మన ప్రాంతంలో లేదు, ఉత్తరదేశపు స్తంభాలమీద ఉన్నది. అందులో చంపరాని జంతువుల పట్టిక ఒకటి ఇచ్చాడు. చిలుకలు, గోరువంకలు, చక్రవాకాలు, హంసలు ఉన్నవి. గబ్బిలం కూడా ఉన్నది. ఆ పట్టిక తరువాత వచ్చే మాటలే మన విషయానికి మరీ దగ్గర. చూలుతో ఉన్న మేకను, గొర్రెను, పందిని గాని, పాలిచ్చే తల్లిని గాని, ఆరునెలలు నిండని పిల్లను గాని చంపకూడదు. ప్రాణులు ఉన్న పొట్టును కాల్చకూడదు. నిష్కారణంగా అడవికి నిప్పు పెట్టకూడదు. అనాథ కూనలను చేరదీయడానికి ముందు కూనలు అనాథలు కాకుండా చూడవలెనన్న ఆలోచన ఇక్కడ స్పష్టంగా ఉన్నది. తరువాతి రెండువేల ఏండ్లలో ఆ ఆలోచనను పాలకులు చాలావరకు మరచిపోయారు.

పల్నాటి శిల్పులు మటుకు మరొక చిక్కును చూచారు. అమరావతిలోను, నాగార్జునకొండలోను శిబిచక్రవర్తి కథ శిల్పాలలో కనబడుతుంది. డేగ తరుముతున్న పావురం వచ్చి రాజు శరణు చొచ్చింది. రాజు అభయమిచ్చాడు. అప్పుడు డేగ న్యాయం అడిగింది: పావురం నా ఆహారం, దాన్ని నీవు కాపాడితే నా ప్రాణం పోతుంది, నాకు దిక్కెవరు? రాజు జవాబుగా తన తొడ కోసి తూకం వేశాడు. బాలశిక్షనాటి నుండి మనం ఈ కథను త్యాగానికి ఉదాహరణగా చదువుకుంటున్నాము. కాని మృగాలను కాపాడే పనిలో ఉన్నవారిని అడిగి చూడండి. డేగ వేసిన ప్రశ్న వారికి నిత్యమూ ఎదురయ్యేదే. పులికూనను పెంచవలెనంటే మరొక జంతువును దానికి వేయవలెను. అది వేట నేర్వవలెనంటే బతికి ఉన్న జంతువునే వదలవలెను. తొడ కోసి ఇచ్చే సౌకర్యం అటవీశాఖ ఉద్యోగికి లేదు గదా!

ఆ తరువాతి రాజుల కాలాన్ని గురించి ఇక్కడ చెప్పవలసినది తక్కువ. వినుకొండ గజపతుల చేతిలో నుండి 1515 ప్రాంతంలో కృష్ణదేవరాయల వశమైనది. దుర్గాల చరిత్ర అది. రాజులకు మృగం వేటలో లక్ష్యం, లేదా కొలువులో అలంకారం.

ఇంగ్లీషువారి పాలనలో పరిస్థితి మరికొంత చెడినది. పులిని, చిరుతను, విషసర్పాన్ని చంపి ఆనవాలు చూపినవారికి సర్కారు బహుమానం ఇచ్చేది. సేద్యానికి, పశువులకు, బాటసారులకు అపాయం అన్నది వారి వాదన. కొండ అంచుల పల్లెలవారికి ఆ అపాయం నిజమే కూడా. రక్షణ పొందిన తొలి మృగం ఏనుగు. 1873లో మద్రాసు ప్రభుత్వం అడవి ఏనుగుల సంరక్షణకు చట్టం చేసినది. 1879లో దేశానికంతటికీ అటువంటి చట్టం వచ్చినది. ఏనుగు పనికివచ్చే జంతువు కావడమే అందుకు కారణం. 1887లో, 1912లో వచ్చిన పక్షిమృగ చట్టాలు వేట ఎప్పుడు ఆడవచ్చునో ఎప్పుడు కూడదో చెప్పినవి. వేటలో తల్లి చనిపోతే పిల్లల గతి ఏమన్న ప్రశ్న వాటిలో లేదు. ఆ పిల్లలు దొరబంగళాలకో, సంస్థానాల బోనులకో చేరేవి. పెద్దవై కరవడం మొదలుపెట్టిన తరువాత జంతుశాలకు పోయేవి.

ఈ దశను మార్చినవారిలో ఒక నాట్యకళాకారిణి ఉన్నారంటే వింతగా తోచవచ్చును. కళాక్షేత్రం స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్ 1952లో రాజ్యసభ సభ్యురాలైనారు. జంతుహింసను నివారించే బిల్లును ఆమె స్వయంగా ప్రవేశపెట్టారు. ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూ హామీ ఇవ్వగా దానిని ఉపసంహరించుకున్నారు. ఆ హామీ 1960లో చట్టమైనది. 1962లో జంతు సంక్షేమ మండలి మద్రాసులో ఏర్పడి, ఆమె దానికి తొలి అధ్యక్షురాలైనారు. ఆ చట్టం మోతబరువుతో కుంగే ఎద్దును, కొరడాదెబ్బ తినే గుర్రాన్ని దృష్టిలో పెట్టుకొని వచ్చినదే. కాని అందులో ఒక నిబంధన ఉన్నది: ఫలానా జంతువులను ఆటలకోసం శిక్షణ ఇచ్చి ప్రదర్శించరాదని కేంద్రప్రభుత్వం ప్రకటించవచ్చును. చాలా ఏండ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆ నిబంధనే తరువాత సింహాల బోను తలుపులు తెరిచినది.

సర్కసు డేరా వేయగానే పల్లెలనుండి బండ్లు కట్టుకొని వచ్చినవారు మనలో ఎందరో ఉన్నారు. నిప్పుకణికెల చక్రంలోనుంచి దూకే పులిని చూచి చప్పట్లు కొట్టినాము. ఆ పులి మిగతా ఇరవైమూడు గంటలు ఎట్లా గడుపుతున్నదో డేరా వెనుకకు పోయి చూచినవారు కొద్దిమంది. 1998 అక్టోబరు 14న కేంద్రప్రభుత్వం ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం ఈ అయిదింటిని ఆటలాడించడాన్ని నిషేధిస్తూ ప్రకటన చేసినది. సర్కసు యజమానులు న్యాయస్థానాలకు వెళ్లారు. కేరళ హైకోర్టు 2000లోను, సుప్రీంకోర్టు 2001 మే 1న వారి వాదనను తోసిపుచ్చినవి.

తీర్పు వచ్చినది, మరి ఆ జంతువులను ఏమి చేయవలెను? అడవిలో వదలుదామంటే వాటిలో చాలా వాటికి అడవి అంటే తెలియదు. బోనులో పుట్టి బోనులో పెరిగినవి. సింహాలు అనేకం ఆసియా, ఆఫ్రికా జాతుల కలయికవల్ల పుట్టినవి. ఏ దేశపు అడవికీ చెందనివి. కేంద్ర జంతుప్రదర్శనశాలల సంస్థ పర్యవేక్షణలో దేశంలో కొన్నిచోట్ల సంరక్షణ కేంద్రాలు ఏర్పడినవి. వాటిలో రెండు మన రాష్ట్రంలోవే. ఒకటి తిరుపతిలో 1987లో నెలకొల్పిన శ్రీ వేంకటేశ్వర జంతుప్రదర్శనశాలను ఆనుకొని ఉన్నది. రెండవది విశాఖపట్నంలో, 1977లో ప్రారంభమైన ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాలకు అనుబంధంగా ఉన్నది.

ఈ కేంద్రాల పద్ధతి కొంచెం వివరంగా చెప్పవలసినది. ఇవి ప్రదర్శన కోసం పెట్టినవి కావు. గోళ్లు ఊడి, పళ్లు అరిగి, వెన్ను వంగిన జంతువులకు వైద్యం, తిండి, నడవడానికి కొంత నేల ఇవ్వడం వరకే వాటి పని. అక్కడి జంతువులకు సంతానం కలుగకుండా ఏర్పాట్లు చేశారు. కొంతమందికి ఇది క్రూరంగా తోచినది. ఆలోచించి చూస్తే ఇంకొక మార్గం లేదు. పిల్లలు పుడితే అవీ అడవికి పోలేవు. మరొక తరం కటకటాల వెనుకనే పుట్టి చస్తుంది. సర్కసు సింహాలు ఒక్కొక్కటే ముసలివై కన్నుమూస్తూ ఉంటే వాటికోసం కట్టిన ఆవరణలు ఖాళీ అవుతూ రావడమే అక్కడ పని సక్రమంగా జరిగినదనడానికి గుర్తు. ఏ ఆస్పత్రికీ, ఏ ఆశ్రమానికీ ఇటువంటి లక్ష్యం ఉండదు.

ఇంతలో మరొక చట్టం వచ్చి మృగానికి మనిషికి ఉన్న సంబంధాన్నే మార్చివేసినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, నిషేధాన్ని మీరి వేటాడి పట్టినా, చంపినా, ఆ వన్యమృగం ప్రభుత్వపు ఆస్తి. అటువంటి ప్రాణి ఏవిధంగా చేతికి వచ్చినా నలభై ఎనిమిది గంటలలో దగ్గరి పోలీసు ఠాణాకో, అధికారికో తెలియజేయవలెను. మనసు మంచిదైనంత మాత్రాన జింకపిల్లను ఇంటిలో పెంచుకునే హక్కు ఎవరికీ లేదన్నమాట. ఈ నియమం తెలియక చిక్కుల్లో పడినవారు తరచు దయగల గృహస్థులే కావడం విచారకరం.

ఆ చట్టానికి తనవైన లోపాలు లేకపోలేదు. కాకిని, ఎలుకను, పండ్లు తినే గబ్బిలాన్ని కలిపి దానిలో 'చీడ' జంతువుల పట్టికలో వేశారు. అశోకుడు చంపవద్దన్న గబ్బిలాన్ని స్వతంత్ర భారతం ఎవరైనా చంపవచ్చునన్నది! 2022లో చేసిన సవరణతో, అది అమలుకు వచ్చిన 2023 ఏప్రిల్ నుండి, ఆ పట్టిక పోయినది. వినుకొండ ప్రస్తావనలో ఈ మాట అనకుండా ఉండలేను. 1895లో ఆ ఊళ్లోనే పుట్టిన గుర్రం జాషువ 1941లో 'గబ్బిలం' కావ్యం రచించారు. గుడిలోకి రానివ్వని పేదవాడు తన మొరను కాశీ విశ్వనాథునికి చేర్చమని ఆ ప్రాణిని రాయబారిగా పంపుతాడు. గుడిలోను, పేదవాని గుడిసెలోను అడ్డులేక తిరిగే ప్రాణి అది ఒక్కటే గనుక. కాళిదాసు మేఘాన్ని పంపితే, హంసను నలుడు పంపితే, జాషువ గబ్బిలాన్ని పంపారు. గిజిగాని గూటిని, సాలెపురుగు నేతను కూడ ఆయన పద్యాలలో నిలిపారు. 1957 నుండి రెండేండ్లు మద్రాసు రేడియోలో కార్యక్రమ నిర్మాతగా పనిచేసిన ఆ కవిని మా వృత్తివారు తమవాడని చెప్పుకోవడం సహజమే.

ఇక రాబందుల సంగతి. జటాయువు సంతతి అనదగిన ఈ పక్షులకు మన కాలంలో వచ్చిన విపత్తు, దానికి మందు కనుగొన్న తీరు, ఈ చరిత్రలో అన్నిటికంటె పెద్ద అధ్యాయం. నడివయసు దాటినవారికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఊరి వెలుపల పశువు కళేబరం పడవేస్తే ఆకాశంలో ఎక్కడనుండో చుక్కలవలె రాబందులు దిగేవి. గంటల్లో ఎముకలు మిగిలేవి. 1980 ప్రాంతంలో తెల్లవీపు రాబందు ప్రపంచంలోని పెద్ద వేటపక్షుల జాతులలో సంఖ్యలో మొదటిదని పక్షిశాస్త్రజ్ఞులు తలచేవారు. 1990 తరువాత అవి కనబడడం మానివేసినవి. భరత్‌పూర్ పక్షిశరణ్యంలో విభు ప్రకాశ్ అనే శాస్త్రజ్ఞుడు ఈ క్షయాన్ని ముందుగా గమనించి లెక్కలు కట్టాడు. 1992కు, 2007కు నడుమ మన దేశంలో తెల్లవీపు రాబందులలో వెయ్యింటికి ఒకటి మాత్రమే మిగిలినది.

పక్షులు కొమ్మలమీద మెడలు వాల్చుకొని కూర్చుండి, కొన్నాళ్లకు రాలిపడేవి. అంటువ్యాధి అనుకున్నారు. జబ్బుపడిన రాబందులను తెచ్చి చికిత్స చేయడానికి 2001లో బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘం, హర్యానా అటవీశాఖ కలిసి పింజోరు వద్ద ఒక కేంద్రం నెలకొల్పినవి. గాయపడిన పక్షికి సేవచేయడమనే ఆ పాత ధర్మమే అది. కాని రోగం ఏమిటో తెలియనిది చికిత్స ఎట్లా సాగుతుంది? జవాబు పాకిస్తాన్‌లో దొరికినది. అక్కడ చనిపోయిన పక్షులను కోసి చూచిన లిండ్సే ఓక్స్ బృందం 2004లో తమ నిర్ణయాన్ని ప్రకటించినది. ఆ పక్షుల మూత్రపిండాలు చెడి, లోపలి అవయవాల మీద యూరిక్ ఆమ్లం సుద్దవలె పేరుకొని ఉన్నది. కారణం డైక్లోఫెనాక్ అనే నొప్పిమందు. మనుషులు కీళ్లనొప్పులకు వాడేదే. కుంటుతున్న ఎద్దుకు, జ్వరంతో ఉన్న గేదెకు ఆ సూదిమందు వేయడం 1990 తరువాత వ్యాపించినది. మందు వేసిన కొద్దిరోజులలోనే పశువు చనిపోతే, దానిని తిన్న రాబందుకు అది విషమైనది.

ఇందులో ఒక లెక్క నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. రాబందులు అంత వేగంగా నశించడానికి నూటికి ఒక కళేబరంలో కూడ ఆ మందు ఉండనక్కరలేదని పరిశోధకులు గణించి చూపారు. ఒక కళేబరం మీద పదులకొద్దీ పక్షులు వాలుతవి. రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. ఈడు రావడానికి అయిదేండ్లు పడుతుంది. పోయినవాటి స్థానం నిండదు. రైతు తన ఎద్దుమీద దయతోనే మందు వేయించాడు, పశువైద్యుడు నొప్పి తగ్గించడానికే సూది వేశాడు. ఒక జంతువుమీద చూపిన జాలి మరొక జాతిని తుడిచిపెట్టినది. ఒంగోలు గిత్తలకు పుట్టినిల్లయిన ఈ సీమవారికి ఈ సంగతి ప్రత్యేకంగా తెలియవలసినది.

2006లో పశువుల కోసం డైక్లోఫెనాక్ తయారు చేయడాన్ని ప్రభుత్వం నిషేధించినది. మెలాక్సికామ్ అనే మందు అదే పనిచేస్తుందని, రాబందులకు హాని చేయదని ఆ ఏడే పరీక్షలలో తేలినది. అయినా మనుషుల కోసం తయారైన పెద్దసీసాల మందు దొంగదారిన పశువులకు చేరుతూనే వచ్చినది. 2015లో ఆ పెద్దసీసాలను కూడ ఆపవలసి వచ్చినది. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ అనే మరి రెండు మందులకు 2023లో నిషేధం వచ్చినది. పింజోరులో చికిత్సకోసం పెట్టిన కేంద్రం క్రమంగా పక్షుల సంతానాన్ని పెంచే కేంద్రంగా మారినది. హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలోను ఇటువంటి ప్రయత్నం ఆరంభించారు. 2020 అక్టోబరులో పింజోరు నుండి ఎనిమిది తెల్లవీపు రాబందులను ఆకాశంలోకి విడిచిపెట్టారు. సుమారు ఇరవై ఏండ్ల శ్రమకు ఎనిమిది పక్షులు! ముందుగా చుట్టుపక్కల పశువులకు ఏ మందులు వాడుతున్నారో విచారించక వాటిని విడవడం వృథా. పంజరం తలుపు తీయడానికి అంతకాలం పట్టడానికి అదొక కారణం.

వినుకొండనుండి మార్కాపురం వైపు రైలు సాగితే నల్లమల దగ్గరవుతుంది. వినుకొండ సీమకు నీరిచ్చే గుండ్లకమ్మ పుట్టినది ఆ కొండలలోనే. కృష్ణకు రెండువైపుల ఉన్న ఆ అడవిని 1983లో పులుల సంరక్షణ పథకంలో చేర్చారు. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యమని పేరు. రాష్ట్రవిభజన తరువాత కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం తెలంగాణలో అమ్రాబాదు అభయారణ్యమైనది. అడవిలోని కావలి శిబిరాలలో చెంచులు అనేకులు పనిచేస్తున్నారు. పులి అడుగు నిన్నటిదో నేటిదో చూపుతోనే చెప్పగలవారు వారు.

2023 మార్చి మొదటివారంలో నంద్యాల జిల్లా కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురం దగ్గర పొదలలో నాలుగు పులికూనలు ఊరివారి కంటబడినవి. నాలుగూ ఆడవే. కుక్కలు చంపుతవేమోనన్న భయంతో ఊరివారు వాటిని ఒక గదిలో భద్రపరచి అటవీశాఖకు కబురు చేశారు. తమ పశువులను ఎత్తుకుపోగల జంతువు పిల్లలవి. వందేండ్లక్రితం అయితే వాటికి వేరే గతి పట్టేది. అధికారులు కూనలను బైర్లూటికి తరలించి, తల్లి కోసం అడవి గాలించారు. టీ-108 అనే ఆడపులి వాటి తల్లి అని నిర్ణయించి, అది తిరిగే జాడలు తీశారు. చెట్లకు కెమెరాలు కట్టారు. చివరకు ఒక రాత్రి కూనలను ముసలిమడుగు ప్రాంతపు అడవిలోకి తీసుకుపోయి తల్లికోసం కాచుకొని కూర్చున్నారు. తల్లి రాలేదు. ఆ తరువాత వాటిని తిరుపతి జంతుప్రదర్శనశాలకు చేర్చారు.

పత్రికలలో ఆ రోజులలో ఈ వార్త చదివినవారు చాలామంది కూనలు క్షేమంగా చేరినవి, కథ సుఖాంతమైనది అనుకున్నారు. వృత్తి తెలిసినవారికి అసలు కష్టం అక్కడినుండే మొదలు. తల్లి లేని పులికూనల విషయంలో జాతీయ పులుల సంరక్షణ సంస్థ ఒక కార్యవిధానం నిర్ణయించినది. తల్లితో కలపడం మొదటి ప్రయత్నం. అది కుదరకపోతే అడవిలోనే విశాలమైన ఆవరణ కట్టి, కనీసం రెండేండ్లు మనిషి కంటబడకుండా పెంచవలెను. ఒక్కొక్క కూన తనంతట తాను యాభై వేటలైనా చేసి చూపవలెను. అప్పుడు గాని అడవిలో విడవరాదు. మనిషిని చూస్తే అన్నం గుర్తుకువచ్చే పులి ఊరికి ప్రమాదం, తనకూ ప్రమాదం. శిబిచక్రవర్తిని డేగ అడిగిన ప్రశ్నకు ఇరవైయొకటవ శతాబ్దం ఇచ్చిన జవాబు ఈ యాభై వేటల లెక్క.

ఇది సాధ్యమేనా అంటే, మధ్యప్రదేశ్‌లో ఒకసారి సాధించి చూపారు. తల్లి పోయిన ఇద్దరు అక్కచెల్లెళ్లను కాన్హా అడవి ఆవరణలో పెంచి, వేట అలవాటుచేసి, 2011 మార్చిలో ఒకదానిని, నవంబరులో రెండవదానిని పన్నా అడవిలో విడిచారు. ఆ పన్నాలో 2009 నాటికి దొంగవేటవల్ల ఒక్క పులి కూడ మిగలలేదు. మనుషుల చేతుల్లో పెరిగిన ఆ పులులలో మొదటిది అడవిలో తోడు వెదుక్కొని పిల్లలను కన్నది. దానికి అడవి ఉన్నది, జింకలు ఉన్నవి, కాపలా ఉన్నది. పంజరంలో ఎంత శ్రద్ధగా పెంచినా ఆ మూడూ లేనిచోట విడిచిన పులి మరల పంజరానికే వస్తుంది, లేదా కరెంటు తీగకు బలి అవుతుంది.

అందరికీ పులికూనలు దొరకవు. పల్నాటి చేలలో దొరికేవి జింకపిల్లలు, కుందేటిపిల్లలు, గూటినుండి జారిన పక్షికూనలు. వీటినిగురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. పొలం గట్టున గడ్డిలో ఒంటరిగా ముడుచుకొని పడుకున్న జింకపిల్లను చూడగానే, పాపం తల్లి చచ్చిపోయినదని ఎత్తుకు వచ్చేవారున్నారు. నిజానికి తల్లిజింక పిల్లను పుట్టిన తొలిదినాలలో అట్లా దాచి, తాను దూరంగా మేతకు పోతుంది. పిల్ల కదలదు, ఒంటి వాసన కూడ తక్కువ, నక్క పక్కనుండి పోయినా కనిపెట్టలేదు. ఎత్తుకువచ్చిన ఆ పిల్ల ఆవుపాలు పడక, బెదిరి, రెండుమూడు దినాలలో ప్రాణం విడవడం సామాన్యం. గూటినుండి పడిన పక్షికూనను మనిషి తాకితే తల్లి వెలివేస్తుందన్న నమ్మకమూ సరికాదు. గూడు అందితే మెల్లగా అందులో పెట్టవచ్చును. గాయం కనబడితే, ఈగలు ముసురుతుంటే, తల్లి కళేబరం దాపున ఉంటే అది వేరు. అప్పుడు వెంటనే అటవీశాఖవారికి తెలపవలెను. అటువంటి గుర్తులు లేనప్పుడు కుక్కలను దూరంగా కట్టివేసి, మనుషులు ఆ గట్టు విడిచి, పొద్దుగూకేదాకా ఆగవలెను. తల్లి సాధారణంగా మసకచీకటి పడే వేళకే వస్తుంది.